వియన్నా నుంచి మార్లవాయి దాకా: హైమన్‌డార్ఫ్ కథ



సంక్రాంతి సెలవులు వస్తున్నాయంటే పిల్లలను ఎటు తీసుకెళ్లాలా అని ఆలోచిస్తుంటారు కదా. కుంటాల జలపాతం, బాసర, వేములవాడ, ధర్మపురి అని మన వైపు చూడదగిన చోట్లకు కొదవ లేదు. ఈసారి ఆ జాబితాలో ఇంకో ఊరు కూడా చేర్చుకోండి. ఆసిఫాబాద్ నుంచి ఉట్నూరు వెళ్లే దారిలో కెరమెరి ఘాట్ దాటాక జైనూర్ వస్తుంది. ఆ మండలంలోనే మార్లవాయి అనే గోండు పల్లె ఉంది. గుస్సాడీ నృత్యానికి పద్మశ్రీ అందుకున్న కనకరాజు గారి ఊరు అంటే మీకు వెంటనే గుర్తొస్తుంది.

ఆ ఊళ్లో పక్కపక్కనే రెండు సమాధులు ఉన్నాయి. ఒకటి ఇంగ్లండు నుంచి వచ్చిన ఒక ఇల్లాలిది. రెండోది ఆస్ట్రియాలో పుట్టిన ఆమె భర్తది. ఏటా జనవరి 11న చుట్టుపక్కల గూడేల వాళ్లు అక్కడికి చేరి, సొంత ఇంటి పెద్దలను తలుచుకున్నట్టు వాళ్లను తలుచుకుంటారు. ఎక్కడి వియన్నా, ఎక్కడి మార్లవాయి! ఈ నెల మీకు ఆయన కథ చెప్పాలనిపించింది. ఒక టీచర్‌గా నేను ఆయన దగ్గర ఆలస్యంగా నేర్చుకున్న పాఠం ఒకటుంది. అది చివర్లో చెబుతాను.

యుద్ధం పంపిన అతిథి

ఆయన పూర్తి పేరు క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. 1909లో వియన్నాలో ఒక ఉన్నత కుటుంబంలో పుట్టాడు. అక్కడి విశ్వవిద్యాలయంలోనే ఆంత్రోపాలజీ, అంటే మానవ శాస్త్రం చదివి 1931లో డాక్టరేట్ అందుకున్నాడు. ఈశాన్య భారతం, బర్మా కొండజాతుల మీద ఆయన పరిశోధన. అయితే అప్పటికి ఆ కొండలను ఆయన కళ్లతో చూడలేదు. అంతా పుస్తకాల్లో చదివిందే. ఆ లోటు ఆయనను నిలవనీయలేదు. లండన్ వెళ్లి, జనం మధ్య ఉండి వాళ్ల భాష నేర్చుకుంటేనే వాళ్ల జీవితం అర్థమవుతుందని చెప్పే మాలినోవ్‌స్కీ దగ్గర శిష్యరికం చేశాడు. 1936లో నాగా కొండలకు వచ్చి కొన్యాక్ నాగాల మధ్య గడిపాడు.

1938లో లండన్‌లో ఎలిజబెత్ బర్నార్డోను పెళ్లి చేసుకున్నాడు. అందరూ ఆమెను బెట్టీ అనేవారు. ఆ మరుసటి ఏడాది మళ్లీ భారతదేశానికి వచ్చాడు. మళ్లీ నాగా కొండలకు వెళ్లాలనుకుంటుండగా యూరప్‌లో రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. అంతకు ముందు ఏడాదే హిట్లర్ ఆస్ట్రియాను జర్మనీలో కలిపేసుకున్నాడు. దాంతో హైమన్‌డార్ఫ్ చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. బ్రిటిష్ వాళ్ల దృష్టిలో ఆయన శత్రు దేశస్థుడు. సరిహద్దు కొండల వైపు పోనిస్తారా? దేశం నడిమధ్యలో ఉన్న హైదరాబాద్ సంస్థానం దాటి వెళ్లకూడదని కట్టడి చేశారు.

వేరే ఎవరైనా అయితే యుద్ధం అయిపోయేదాకా రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చునేవారు. ఆయన అలా కూర్చోలేదు. గీత గీసిన చోటనే ఎవరెవరు ఉన్నారో చూద్దామని బయల్దేరాడు. ముందు నల్లమల చెంచుల దగ్గరికి, తర్వాత గోదావరి ఒడ్డు కొండల్లోని కొండరెడ్ల దగ్గరికి వెళ్లాడు. ఆ తర్వాత మన ఆదిలాబాద్ గోండుల దగ్గరికి వచ్చాడు. బెట్టీ కూడా వెంటే ఉంది. నడవాల్సిన చోట నడిచింది, గుడిసెలో ఉండాల్సిన చోట ఉంది. ఆడవాళ్లతో, పిల్లలతో కలిసిపోయి భర్త పనిలో సగం పంచుకుంది.

అప్పటి ఆదిలాబాద్

ఆయన వచ్చేనాటికి మన అడవులు కుతకుత ఉడుకుతున్నాయి. నైజాం సర్కారు అడవులను రిజర్వు చేస్తూ పోయింది. తాతల నాటి నుంచి గోండులు, కొలాములు సాగు చేసుకుంటున్న భూములు ఆ గీతల లోపలికి వెళ్లిపోయాయి. పోడు చేయవద్దన్నారు. పశువులు మేపితే పన్నన్నారు. ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయించారు, గుడిసెలు తగలబెట్టారు. ఇంకోపక్క బయటి నుంచి వచ్చినవాళ్లు మంచి భూములకు పట్టాలు చేయించుకున్నారు. గోండు రైతుకు భూమి ఉంది, కాగితం లేదు. కాగితం ఉన్నవాడికి భూమి దక్కింది.

ఇందుకే కుమ్రం భీం తిరగబడ్డాడు. జోడేఘాట్ కొండల్లో పన్నెండు గూడేలను కూడగట్టుకుని పోరాడి 1940లో నైజాం పోలీసుల తుపాకులకు బలయ్యాడు. ఆయన కథ మన పిల్లలకు పాఠాల్లో ఉంది, సినిమాల్లో ఉంది. దాని తర్వాత ఏమైందన్నది మాత్రం చాలామందికి తెలియదు.

భీం చనిపోయాక సర్కారుకు భయం పట్టుకుంది. తుపాకీతో ఒక మనిషిని ఆపగలిగారు కానీ, ఆ మనిషిని లేపిన కారణం అలాగే ఉంది. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలనుకున్నారు. అప్పటికే సంస్థానంలో గిరిజనుల మధ్య తిరుగుతున్న హైమన్‌డార్ఫ్‌ను ఆ పనికి వాడుకున్నారు. ఆయన సర్కారు మనిషిగానే వచ్చాడన్నది మనం దాచాల్సిన పని లేదు. కానీ తిరిగి ఇచ్చిన నివేదికల్లో సర్కారుకు నచ్చేది రాయలేదు. తప్పు గోండులది కాదని, వాళ్ల భూమిని లాక్కున్న పద్ధతిదని రాశాడు. భీం ప్రాణం పెట్టి అడిగిన ప్రశ్నను ఈయన కాగితం మీద పెట్టి కచేరీల్లోకి తీసుకెళ్లాడు.

మార్లవాయి బడి

మకాం కోసం ఆయన మార్లవాయిని ఎంచుకున్నాడు. ఊళ్లో అందరిలాంటి ఇల్లే వేసుకున్నాడు. గోండి నేర్చుకున్నాడు. కిక్రీ వాయిస్తూ గోండుల పుట్టుపూర్వోత్తరాలు పాడే ప్రధానుల దగ్గర రాత్రుళ్లు కూర్చుని కథలన్నీ రాసుకున్నాడు. దండారీ ఆటలు, కేస్లాపూర్ నాగోబా జాతర, పెళ్లిళ్లు, చావులు అన్నీ చూసి ఫొటోలు తీశాడు. ఇదంతా తర్వాత 1948లో ఆదిలాబాద్ రాజగోండుల మీద పెద్ద పుస్తకంగా వచ్చింది. నాగోబా జాతరలో అధికారులు గిరిజనుల దగ్గరికే వచ్చి వాళ్ల సమస్యలు వినే దర్బార్ ఇప్పటికీ జరుగుతోంది కదా, దానికి 1940లలో నాంది పలికింది ఆయనే.

ఆ రాత్రుళ్లలో ఆయనకు ఒక సంగతి తెలిసొచ్చింది. గోండులకు చరిత్ర ఉంది, కథలున్నాయి, న్యాయం చెప్పే పంచాయతీ ఉంది. లేనిదల్లా చదువు. చదువు లేకపోవడం వల్లే భూమి పోతోంది. పట్వారీ ఏం రాశాడో తెలియదు. షావుకారు లెక్కలో ఎంత కలిపాడో తెలియదు. కోర్టు నోటీసు వస్తే అది ఏ భాషలో ఉందో కూడా తెలియదు. వేలిముద్ర వేయమంటే వేయడమే. పట్టా ఇప్పించినా చదువు లేకపోతే ఆ పట్టా ఎన్నాళ్లు నిలుస్తుంది?

అందుకని 1943లో మార్లవాయిలో టీచర్ల శిక్షణ కేంద్రం మొదలుపెట్టించాడు. బడి కంటే ముందు బడికి కావాల్సిన టీచర్ల సంగతి చూశాడన్నమాట. పట్నం నుంచి పంతుళ్లను పంపితే అడవిలో ఉండరు, ఉన్నా పిల్లల మాట వాళ్లకు తెలియదు. గోండుల్లో అప్పటికి అక్షరం ముక్క వచ్చినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. అలాంటి యువకులను వెతికి పట్టుకుని, వాళ్లనే చదివించి, వాళ్లనే టీచర్లను చేసి వాళ్ల గూడేలకే పంపాడు.

మరి పుస్తకాలు? గోండిలో పాఠ్యపుస్తకమే లేదు. కొత్తగా తయారు చేయించారు. ఆ ప్రాంతంలో మరాఠీ వాడుక ఎక్కువ కాబట్టి దేవనాగరి అక్షరాలు తీసుకుని, గోండి మాటలతో వాచకాలు రాయించారు. ఒక్కసారి ఊహించుకోండి. తన ఇంట్లో అమ్మ మాట్లాడే మాట పుస్తకంలో అచ్చయి ఉండటం ఒక పిల్లవాడు మొదటిసారి చూశాడు. పుస్తకం అంటే తనకు పరాయిది అనుకున్నవాడికి అందులో తన ఇల్లు కనిపించింది.

హైమన్‌డార్ఫ్ గోండి దగ్గరే ఆగమనలేదు. సంస్థానంలో అధికార భాష ఉర్దూ. కచేరీలో నెగ్గుకు రావాలంటే అది రావాల్సిందే. అందుకే గోండిలో చదవడం, రాయడం పట్టుబడ్డాక పై భాష నేర్పారు. ముందు పునాది, తర్వాత గోడ, ఆ తర్వాత పైకప్పు. అంతే ఆయన లెక్క. ఆ కేంద్రంలో చదివినవాళ్లలో టీచర్లే కాక, సర్కారు కొలువుల్లో చేరినవాళ్లూ ఉన్నారు. వేలిముద్రలు వేసిన ఇళ్లలోంచే కాగితం రాసేవాళ్లు వచ్చారు.

చేతికొచ్చిన పట్టాలు

బడి ఒకపక్క నడుస్తుండగా భూమి పని ఇంకోపక్క సాగింది. రెవెన్యూ మంత్రిగా ఉన్న గ్రిగ్సన్ స్వయంగా బస్తర్ గోండుల మీద పుస్తకం రాసినవాడు కావడం కలిసొచ్చింది. ఆదిలాబాద్‌లో గిరిజనుల కోసం ప్రత్యేక అధికారిగా ఉన్న సేతుమాధవరావు క్షేత్రంలో ఉండి పని చేయించారు. హైమన్‌డార్ఫ్ 1945 నుంచి 1949 దాకా నైజాం ప్రభుత్వానికి గిరిజనుల సలహాదారుగా, ఉస్మానియాలో ప్రొఫెసర్‌గా ఉన్నాడు. ఆ కొద్ది ఏళ్లలో మన ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోనే లక్ష ఎకరాలకు పైగా భూమికి గిరిజన రైతుల పేరిట పట్టాలు వచ్చాయి. గిరిజన ప్రాంతాలకు ప్రత్యేక రక్షణ ఉండాలన్న నియమాలు కూడా ఆ రోజుల్లోనే రూపుదిద్దుకున్నాయి.

గోండులు ఆయనను తమవాడిగా చేసుకున్నారు. ఆయన కొడుకు నికోలస్‌ను మార్లవాయి పటేల్ పేరు మీదుగా లచ్చు పటేల్ అని పిలుచుకున్నారని ఇప్పటికీ ఆ గూడేల్లో చెబుతారు. లండన్ పిల్లవాడికి గోండు పెద్దమనిషి పేరు! అంతకు మించిన బిరుదు ఆ విశ్వవిద్యాలయాలు మాత్రం ఏమివ్వగలవు?

మళ్లీ వచ్చి చూస్తే

సంస్థానం భారతదేశంలో కలిశాక ఆయన లండన్ వెళ్లి స్కూల్ ఆఫ్ ఓరియంటల్ అండ్ ఆఫ్రికన్ స్టడీస్‌లో ప్రొఫెసర్ అయ్యాడు. నేపాల్ వెళ్లి షెర్పాల మీద పని చేశాడు. పేరు ప్రతిష్ఠలు వచ్చాయి. అయినా మార్లవాయిని మరచిపోలేదు. రిటైరయ్యాక, 1970ల చివర్లో మళ్లీ ఆదిలాబాద్ వచ్చి, ముప్పై ఏళ్ల కిందట తాను తిరిగిన ఊళ్లన్నీ తిరిగాడు.

చూసింది ఆయనను బాధపెట్టింది. రోడ్లు పడ్డాయి, పత్తి వచ్చింది, బజార్లు వచ్చాయి. పట్టాలు ఇచ్చిన భూముల్లో చాలా భాగం చేతులు మారిపోయింది. అప్పులకు కొంత, మోసానికి కొంత పోయింది. 1/70 చట్టం పుస్తకంలో ఉంది, పొలం గట్టు మీద లేదు. గోండి వాచకాలు ఎప్పుడో మూలన పడ్డాయి. బడులు ఉన్నాయి కానీ పిల్లల మాట తెలియని టీచర్లు, టీచర్ మాట తెలియని పిల్లలు. తాను కట్టిన ఇంటి పునాది రాళ్లే ఎవరో పీక్కెళ్లినట్టు అనిపించి ఉంటుంది. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండుల మీద కాల్పులు జరిగిన సంగతి మీ ఇంట్లో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఆ మరుసటి ఏడాది వచ్చిన తన పుస్తకంలో ఆయన భారత గిరిజనుల పరిస్థితిని ఏమీ దాచకుండా రాశాడు. తన పని ఎక్కడ నిలవలేదో కూడా చెప్పుకున్నాడు. పెద్దవాళ్లలో ఈ గుణం అరుదు.

1987 జనవరి 11న బెట్టీ హైదరాబాద్‌లో కన్నుమూసింది. ఆమెను మార్లవాయికి తీసుకొచ్చి సమాధి చేశారు. ఆయన 1995లో లండన్‌లో చనిపోయాడు. 2012లో ఆయన అస్థికలను తెచ్చి భార్య పక్కనే ఉంచారు. ఏ ఊరు దాటి వెళ్లొద్దని ఒకప్పుడు సర్కారు కట్టడి చేసిందో, ఆ సంస్థానపు నేలకే తిరిగొచ్చాడు. ఈసారి ఎవరి కట్టడీ లేదు.

డైరీలో నేను రాసిన మాట

ఇక నా సంగతి. బీఈడీలో మాకు ఒక బోధనా సూత్రం ఉండేది. తెలిసిన దాని నుంచి తెలియని దానికి వెళ్లాలి. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది దాన్ని మరచిపోయాను.

మూడో తరగతిలో ఒక బాబు ఉండేవాడు. చాలా తక్కువ మాట్లాడేవాడు. మాట్లాడినా తెలుగే. ఇంగ్లిష్‌లో మాట్లాడటం లేదని రెండు మూడుసార్లు ఎర్ర పెన్నుతో డైరీలో రాశాను. తల్లి చేత సంతకం కూడా పెట్టించాను. ఒకరోజు ఈవీఎస్ పాఠంలో మొక్కల నుంచి బట్టలు ఎలా వస్తాయని అడిగాను. క్లాసంతా నిశ్శబ్దం. ఆ బాబు చేయి సగం ఎత్తి దించేశాడు. ఎందుకో ఆ రోజు నేను ఆగి, నీకు వచ్చిన భాషలోనే చెప్పమన్నాను.

వాళ్లది పత్తి చేను. గింజ పెట్టడం దగ్గర మొదలుపెట్టి, గులాబీ రంగు పురుగు, కాయ పగలడం, పత్తి ఏరేటప్పుడు అమ్మ వేళ్లకు గీసుకుపోవడం, జిన్నింగ్ మిల్లు ముందు బండ్ల వరుస, తడి ఉందని రేటు తగ్గించడం దాకా చెప్పుకొచ్చాడు. పిల్లలు నోరు తెరుచుకుని విన్నారు. నేనూ విన్నాను. నా పుస్తకంలో ఆ పాఠం నాలుగు లైన్లు. వాడి దగ్గర పాఠం పది నిమిషాలు. ఇన్నాళ్లూ వాడికి ఏమీ రాదని డైరీలో రాసింది నేను. వాడికి వచ్చింది నాకు రాలేదంతే. ఆ మధ్యాహ్నం ఆ వాక్యాలన్నీ వాడి చేతే ఇంగ్లిష్‌లో చెప్పించాం. చెప్పడానికి వాడి దగ్గర సంగతి ఉంది కాబట్టి మాటలు త్వరగానే వచ్చాయి.

మార్లవాయి బడి గురించి చదివినప్పుడు నాకు ఆ బాబే గుర్తొచ్చాడు. నేను ఏడాది పట్టి తెలుసుకున్నది ఆయన 1943లోనే చేసి చూపించాడు.

మీరు ఇంగ్లిష్ కోసమే ఇంత ఫీజు కట్టి మా దగ్గరికి పంపుతున్నారని నాకు తెలుసు. పిల్లలకు ఇంగ్లిష్ రావాలి, అది నేర్పడం మా పని. తప్పకుండా నేర్పుతాం. అయితే ఇంట్లో కూడా ఇంగ్లిష్‌లోనే మాట్లాడాలని చాలామంది అమ్మలు వచ్చీరాని మాటలతో కుస్తీ పడుతున్నారు. పిల్లల ముందు మాట్లాడటానికి జంకే నానమ్మలు ఉన్నారు. దయచేసి అలా చేయకండి. మీ ఇంటి భాష తెలుగు కావచ్చు, గోండి కావచ్చు, మరాఠీ, ఉర్దూ, లంబాడీ, కొలామీ ఏదైనా కావచ్చు. అందులో మీరు గలగలా చెప్పే కథ, తిట్టే తిట్టు, వేసే సామెత, చెప్పే లెక్క పిల్లల బుర్రలో చేరే సరుకు. ఆ సరుకు ఉంటే మేము దానికి ఇంగ్లిష్ మాటలు అందివ్వగలం. లోపల సరుకే లేకపోతే ఎంత మంచి ఇంగ్లిష్ నేర్పినా చెప్పడానికి ఏముంటుంది?

ఈ నెల పిల్లలతో కలిసి

మ్యాప్‌లో వియన్నాను, మార్లవాయిని వెతకండి. నాగా కొండలు, నల్లమల, గోదావరి కూడా చూపించి, హైమన్‌డార్ఫ్ తిరిగిన దారిని పెన్సిల్‌తో గీయించండి.

నార్నూర్ మండలం గుంజాలలో గోండికి సొంత లిపి ఉన్న పాత రాతప్రతులు దొరికాయి. 2018లో ఆ లిపికి యూనికోడ్‌లోనూ చోటు దక్కింది. అంటే ఇవాళ కంప్యూటర్‌లో గోండిని దాని సొంత అక్షరాల్లోనే రాయవచ్చు. ఆ అక్షరాలను పిల్లలకు చూపించి, తమ పేరు ఎలా ఉంటుందో రాయించండి.

తాతయ్యనో అమ్మమ్మనో వాళ్ల చిన్నప్పటి బడి గురించి అడిగి, వాళ్ల మాటల్లోనే అర పేజీ రాసి పంపమనండి. ఏ భాషలో రాసినా సరే. ఈసారి డైరీలో నేను ఎర్ర పెన్ను వాడను.